విద్యుత్ మీటరు పలుకుట, తుడుచుట

తిరుమణి చుట్టుపట్ల 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము నెలకొన్న తాలూకా మనది. అయినను కిందటి తలిదండ్రుల సభలో, వెంకటమ్మనహళ్లి బడి బిల్లులో బోరు మోటారు వాటా ఎంత, తరగతి గదుల వాటా ఎంత అని అడిగినప్పుడు మేము బదులు చెప్పలేకపోతిమి. పిమ్మట రెండు డిజిటల్ మీటర్లు కొని, ఒకటి మోటారునకు, మరియొకటి గదులకు అమర్చి, కంప్యూటరుతో కలిపితిమి. అందు నేర్చినదియు, చేసిన తప్పును విన్నవించుచున్నాము.

మీటరు లోపల లెక్కలు నిలుచు గదులను రిజిస్టర్లందురు. బడివారికి ఆ పేరు కొత్త కాదు. ఒక్కొక్క గదిలో 0 మొదలు 65,535 వరకే పట్టును. కనుక యూనిట్ల మొత్తము వంటి పెద్ద లెక్కను సాధారణముగా రెండు గదులలో పంచి ఉంచుదురు. ఆ రెంటిని ముందువెనుకలుగా చదివినచో అర్థములేని సంఖ్య వచ్చును.

ఈ గదులను చదువుటకు మోడ్‌బస్ అను పద్ధతి విరివిగా వాడుకలో నున్నది. దానిని 1979లో మోడికాన్ అను అమెరికా కంపెనీ వెలువరించినది. ఒకే జత తీగల మీద పలు మీటర్లుండును. కంప్యూటరు సంఖ్య పెట్టి పిలిచిన మీటరే పలుకవలెను. ఆ సంఖ్య 1 నుండి 247 లోపల నుండును. మా మీటర్లు రెండును 1 అను సంఖ్యతోనే వచ్చినవి. హాజరు వేళ ఒకే పేరు గల పిల్లలిద్దరు ఒక్కసారి పలికినట్లు, ఏ మాటయు తెలియలేదు. ఒకదానిని తీగనుండి విడదీసి, రెండవదానికి 2 అను సంఖ్య నిచ్చితిమి. వేగము కూడ ఇరువైపుల సమముగా నుండవలెను. మాది సెకండునకు 9600 బిట్లు. పారిటీ అను తనిఖీ గుర్తు కుదరకున్నను మీటరు మౌనమే వహించును. ఈ చిన్న సంగతికే మాకు రెండు సాయంకాలములు పట్టినవి.

ఇక తుడుచుట. అరగంట సగటు వాడకములలో మిక్కిలి హెచ్చైనది గరిష్ఠ డిమాండు. దానిని నెలకొకసారి తుడిచి మరల మొదలుపెట్టవలెను. యూనిట్ల మొత్తము అట్టిది కాదు. అది బడిలోని ప్రవేశపు పట్టీ వంటిది, ఏటేట ఒకటినుండి మొదలుకాదు. తుడుపునకు ప్రత్యేకమైన రిజిస్టరు కలదు. అందు నియమిత సంఖ్యను వ్రాయగానే పని జరిగిపోవును. వెనుకకు తీసికొను దారి లేదు. మేము కంపెనీవారి పుస్తకములో ఒక వరుసకు మారుగా క్రింది వరుస చూచి వ్రాసితిమి. మూడు నెలల యూనిట్ల మొత్తము సున్న అయినది.

తొమ్మిదవ తరగతి పిల్లలు గణితాభ్యాసమునకై ప్రతి సాయంకాలము అంకెలను నోటుపుస్తకమున ఎక్కించుచుండిరి. కావున ఒక్క దినపు లెక్క మాత్రమే పోయినది. ఇప్పుడు తుడుపునకు ముందు ఇద్దరు ఉపాధ్యాయులు అంకెలు వ్రాసి సంతకము చేయుదురు. రహస్య సంఖ్యను కూడ మార్చితిమి.

ఇండ్లలోని మీటర్లకు సీలు ఉండును, వానిని ముట్టరాదు. 2023లో మొదలైన గృహజ్యోతి వలన బిల్లులో సున్న వచ్చినవారు మీటరు కూడ సున్న అయినదని తలంపరాదు. ఈ నెల అంకెనుండి పోయిన నెల అంకెను తీసివేసిన మిగులునదే వాడకము. 200 యూనిట్ల హద్దును చూచునదియు దానినిబట్టియే.

మన బడి లెక్కలో సగమునకు మించి బోరు మోటారే త్రాగుచున్నది. పిల్లల నోటుపుస్తకమును వచ్చు సభలో మీ ముందుంచెదము.