మూడో నెల దాకా దాచితే నష్టం ఎవరికి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో నెల తప్పిన సంగతి మూడో నెల నిండేదాకా బయటపెట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దిష్టి తగులుతుందని భయం. ఇరుగుపొరుగుకు చెప్పకపోతే పోయేదేమీ లేదు. ఆశా కార్యకర్తకూ ఏఎన్‌ఎంకూ కూడా చెప్పకపోవడమే అసలు ముప్పు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం పిండం ఏర్పడిన 28 రోజులకే మూసుకుంటుంది. అంటే నెల తప్పి రెండు వారాలు తిరిగేసరికే. ఫోలిక్ యాసిడ్ మాత్రతో పని అప్పుడే, ఆ మాటకొస్తే అంతకుముందే. పన్నెండు వారాల్లోపు పేరు రాయించుకోమనేది అందుకే.

దాచడంలో ఇంకో చిక్కుంది. పన్నెండో వారం దాటుతుండగా వేవిళ్లు తగ్గుతాయి. అంతవరకు అన్నం వాసనకే కడుపులో తిప్పిన పిల్లకు ఒక్కసారిగా సంగటి సయిస్తుంది. బిడ్డకేమైనా అయిందేమోనని హడలిపోతుంది, అడగడానికి మనిషి ఉండదు. నిజానికి వేవిళ్లకు ముఖ్య కారణాల్లో ఒకటైన హెచ్‌సీజీ హార్మోను పదో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, ఆపైన తగ్గుతుంది. చాలామందికి ఊరట అలాగే వస్తుంది.

ఆ వారాల్లో లోపల జరిగేది మదనపల్లె టమాటా రైతుకు ఇట్టే తెలుస్తుంది. నర్సరీ నుంచి తెచ్చి నాటిన నారు వేరు పట్టేదాకా ఎదగదు. మాయ కూడా మొదట గర్భాశయం గోడలోకి వేళ్లు దించుతుంది. తల్లి రక్తం మాత్రం వెంటనే పారదు. రక్తనాళాల నోళ్లను మాయ కణాలే దాదాపుగా మూసి ఉంచుతాయి. అప్పటిదాకా పిండానికి ఆహారం గర్భాశయ గ్రంథుల స్రావాలే. ప్రాణవాయువు కూడా కొద్దిగానే అందుతుంది, లేత కణాలకు అదే క్షేమం. పది పన్నెండు వారాల మధ్య ఆ అడ్డు తొలగిపోయి మడికి నీళ్లు పారినట్టు తల్లి రక్తం మాయను తడుపుతుంది. నారు వేరు పట్టినట్టే.

మొదటి స్కాన్‌కు అదను కూడా ఇదే, 11 వారాల నుంచి 13 వారాల 6 రోజుల దాకా. తల నుంచి పిరుదుల వరకు బిడ్డ పొడవు కొలిచి కాన్పు తేదీ లెక్కకడతారు, మెడ వెనుక నీటిపొర మందం చూస్తారు. ఆడా మగా అని అడగడం, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

తొలి నెలల్లో గర్భం పోతే పొరుగింటావిడ చూపునో, గ్రహణాన్నో, పండిన బొప్పాయి ముక్కనో ఆడిపోసుకుంటారు. చివరికి నింద కోడలి మీదకే వస్తుంది. ఇది అన్యాయం. అలాంటి గర్భస్రావాల్లో సుమారు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. దానికి ఎవరూ బాధ్యులు కారు.

నాలుగో నెల నుంచి రోజూ ఎర్ర ఐరన్ మాత్ర వేసుకోవాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. టీతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కుప్పం నుంచి రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లేవాళ్లు తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకుంటే అక్కడి డాక్టరుకు వివరాలన్నీ తెలుస్తాయి.

రక్తం కనిపించినా, పొత్తికడుపులో పోటు ఎక్కువైనా, మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. మదనపల్లె, పుంగనూరుల్లో ప్రభుత్వ ఆస్పత్రులు, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.