జిర్కాన్ రేణువు సాక్ష్యం

లదాఖ్‌లో లేహ్ పట్టణానికి ఉత్తరాన గ్రానైటు కొండలు బారులు తీరి ఉన్నాయి. అగ్నిపర్వతాల అడుగున, భూమిలోపలే చల్లబడి గట్టిపడిన శిలాద్రవమే ఆ గ్రానైటు. పైనున్న అగ్నిపర్వతాలు చాలావరకు అరిగిపోయాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. ఆ సముద్రపు నేల ఉత్తరంగా జరిగి భూమిలోనికి దూరిపోతూంటే, పైన చాపంలా వంగిన వరుసలో అగ్నిపర్వతాలు పుట్టాయి. ఇండోనేషియాలో నేటికీ ఇలాగే జరుగుతోంది.

మరి మన దేశపు భూభాగం ఆ చాపాన్ని ఎప్పుడు ఢీకొంది? ఆ గ్రానైటులోని జిర్కాన్ రేణువులను అడగాలి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. రాతిని పొడిచేసి కడిగితే బరువైన జిర్కాన్ అడుగున మిగులుతుంది. ఆపైన సూక్ష్మదర్శినిలో చూస్తూ రేణువులను ఒక్కొక్కటిగా ఏరాలి. ఓపిక లేనివారి పని కాదిది!

జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక ఇప్పుడు అందులో ఉన్న సీసం దాదాపు అంతా యురేనియం మారగా వచ్చినదే. యురేనియంలో బరువు తేడాగల రెండు రకాలు, అంటే ఐసోటోపులు, ముఖ్యం. యురేనియం-238లో సగం సీసం-206గా మారడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. యురేనియం-235లో సగం సీసం-207గా మారడానికి 70 కోట్ల ఏళ్ళు చాలు. రేణువు వయస్సు 5 కోట్ల ఏళ్ళయితే, మొదటి రకంలో వెయ్యి పరమాణువులకు 8, రెండో రకంలో 48 మారి ఉండాలి. రెండు గడియారాలూ ఒకే వయస్సు చూపితే మనకు నమ్మకం కుదురుతుంది.

వయస్సొక్కటే చాలదు. శిలాద్రవం దేనినుంచి వచ్చిందో కూడా తెలియాలి. అది హాఫ్నియం చెబుతుంది. లుటీషియం-176 అతి నెమ్మదిగా హాఫ్నియం-176గా మారుతుంది. భూపటలం కిందనున్న మాంటిల్‌లో హాఫ్నియంతో పోలిస్తే లుటీషియం ఎక్కువ, ఖండశిలల్లో తక్కువ. అందుచేత ప్రాచీన ఖండశిల కరిగి కలిసిన ద్రవంలో హాఫ్నియం-176 పాలు తగ్గుతుంది. జిర్కాన్‌లో లుటీషియం బహు కొద్ది కాబట్టి, పుట్టిననాటి పాలు అందులో ఇంచుమించు అలాగే నిలిచిపోతుంది.

అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రజ్ఞులు లదాఖ్ శిలలనూ, దానికి పడమట పాకిస్తాన్‌లోని కోహిస్తాన్ శిలలనూ ఇలా పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. 5 కోట్ల ఏళ్ళకు ముందు పుట్టిన శిలల్లో సముద్రం నడుమ పుట్టే చాపాల లక్షణమే కనిపించింది. తరువాతి వాటిలో ప్రాచీన ఖండపు జాడ ఉంది. అంటే మన ఖండపు అంచు చాపం కిందికి వచ్చేసిందన్నమాట. ఆ చాపం ఆసియాతో కలిసింది మరో కోటి ఏళ్ళకు అని వారి లెక్క.

కాదు, చాపం అంతకు ఎంతో ముందే ఆసియాకు అతుక్కుంది అని వాదించేవారూ ఉన్నారు. అదే నిజమైతే 5 కోట్ల ఏళ్ళనాటి ఢీయే ఆఖరిది. చాపానికీ ఆసియాకూ మధ్య అతుకు శ్యోక్ నది లోయ వెంబడి ఉంది. తగవు తీర్చవలసిన రాళ్ళు అక్కడున్నాయి.