ముసలి మరాంట్జ్ మళ్లీ పాడాలంటే

సాల్ మరాంట్జ్ ఇంజినీరు కాదు. న్యూయార్క్‌లో బొమ్మలూ డిజైన్లూ గీసుకుని బతికే మనిషి. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో తన మెర్క్యురీ కారులోంచి రేడియో ఊడబెరికి ఇంట్లో పెట్టుకోవాలనుకున్నాడు. కారు రేడియో ఇంట్లో పాడాలంటే కరెంటు సరఫరా దగ్గర్నుంచి అన్నీ మార్చాలి. ఆ మార్పులు చేస్తూ చేస్తూ యాంప్లిఫయర్ల పిచ్చిలో పడ్డాడు. 1950ల మొదట్లో ‘ఆడియో కన్సొలెట్’ అనే ప్రీ యాంప్లిఫయర్‌ను ఇంట్లోనే తయారుచేసి అమ్మాడు. వంద చేస్తే చాలనుకున్నాడు, ఏడాదిలో నాలుగు వందలకు ఆర్డర్లొచ్చాయి.

ఆ తరవాత వాల్వులతో నడిచే ఆయన యంత్రాలకు మంచి పేరొచ్చింది. కష్టం తెచ్చిపెట్టింది మాత్రం మోడల్ 10బి అనే ఎఫ్‌ఎం ట్యూనర్. దాని రూపకల్పనకు పెట్టిన ఖర్చు కంపెనీ తట్టుకోలేనంత అయింది. 1964లో మరాంట్జ్ కాలిఫోర్నియాలోని సూపర్‌స్కోప్ చేతికి పోయింది. కొత్త యజమానులు తయారీని క్రమంగా జపాన్‌కు మళ్లించారు. ఇవాళ పాత సామాన్ల మార్కెట్లో జనం ఎగబడే మరాంట్జ్‌లు చాలావరకు ఆ తరవాత పుట్టినవే.

వాటిలో 2270 మోడల్‌ది ప్రత్యేకమైన స్థానం. 1971లో వచ్చింది. రేడియో, ప్రీ యాంప్లిఫయర్, పవర్ యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉంటాయి కాబట్టి దీన్ని రిసీవర్ అంటారు. చానల్‌కు 70 వాట్లు. బరువు పదిహేను కిలోల పైమాటే. స్టేషన్ మార్చడానికి వేలితో అడ్డంగా దొర్లించే చక్రం, స్విచ్ వేయగానే డయల్ నిండా నీలి వెలుగు. కొనేవాళ్లలో చాలామంది పాట వినకముందే ఆ వెలుగుకు పడిపోతారు.

లోపల జరిగే పని చూద్దాం. రికార్డు మీద ముల్లు నుంచి వచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులు. 8 ఓమ్‌ల స్పీకరుకు 70 వాట్లు అందాలంటే దాదాపు 24 వోల్టులు కావాలి. అంటే సంకేతం ఐదు వేల రెట్ల దాకా పెరగాలి, దాని ఆకారం మాత్రం చెడకూడదు. చివరి అంచెలో ట్రాన్సిస్టర్లు జంటగా పనిచేస్తాయి. ఒకటి తరంగంలో పైసగం, రెండోది కిందిసగం చూసుకుంటాయి. ఒకటి వదిలి మరొకటి అందుకునే చోట ఖాళీ వస్తే పాట గరుకుగా వినిపిస్తుంది. తొలినాటి ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు చెడ్డపేరు తెచ్చిన లోపాల్లో ఇదొకటి. పాట లేనప్పుడు కూడా రెండింటిలోనూ కొద్దిపాటి కరెంటు పారనిస్తే ఆ ఖాళీ పూడుతుంది. దీన్నే బయాస్ అంటారు. మిగిలిన తప్పులను దిద్దేది నెగటివ్ ఫీడ్‌బ్యాక్. బయటికొచ్చిన సంకేతంలో కొంత వెనక్కి తెచ్చి, లోపలికొచ్చిన దానితో పోల్చి తేడాను సరిచేయడమన్నమాట. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్‌కు ఈ ఊహ 1927లో తట్టింది, ఉద్యోగానికి వెళ్తూ నది దాటే పడవలో. చేతిలో కాగితం లేక న్యూయార్క్ టైమ్స్ పేజీ మీదే గీసుకున్నాడు.

1970ల అమెరికాలో స్టీరియో అమ్మకాలంటే వాట్ల పోటీ. ‘మ్యూజిక్ పవర్’, ‘పీక్ పవర్’ అంటూ ఎవరికి తోచిన లెక్క వాళ్లు చెప్పుకునేవారు. ఈ గోల భరించలేక ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చింది. దాని ప్రకారం అప్పట్లో ముందు యాంప్లిఫయర్‌ను దాని సామర్థ్యంలో మూడో వంతు దగ్గర గంటసేపు నడపాల్సి ఉండేది. ఆ వేడి మీదే రెండు చానళ్లనూ పూర్తి శక్తితో కనీసం ఐదు నిమిషాలు నడిపి చూపాల్సి వచ్చేది. ఇలా జంట ట్రాన్సిస్టర్లతో నడిచే యాంప్లిఫయర్లలో అవి ఎక్కువ వేడెక్కేది పూర్తి శక్తి దగ్గర కాదు, దాదాపు ఆ మూడో వంతు ప్రాంతంలోనే. పరీక్ష నెగ్గాలంటే హీట్ సింకులూ ట్రాన్స్‌ఫార్మర్లూ దిట్టంగా ఉండక తప్పేది కాదు. పోటీ ఆగలేదు, బరువెక్కింది. 1978లో వచ్చిన పయనీర్ ఎస్‌ఎక్స్-1980 చానల్‌కు 270 వాట్లు, బరువు 35 కిలోలు. అవసరమా అంటే, మామూలు ఇంటి హాల్లో పాటలకు సగటున ఒకటి రెండు వాట్లు దాటడమే అరుదు.

1980లలో గాలి మారింది. సీడీ వచ్చింది, తరవాత హోమ్ థియేటర్ వచ్చింది. 1985 ప్లాజా ఒప్పందంతో యెన్ విలువ పెరిగి జపాన్ సరుకు అమెరికాలో ప్రియమైంది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా కంపెనీలు విడి ట్రాన్సిస్టర్లు మాని ఎస్‌టీకే లాంటి మాడ్యూళ్లకు మారాయి. యాంప్లిఫయర్ చివరి అంచె మొత్తం ఒకే నల్లటి ముక్కలో ఇమిడిపోయింది. పాత రిసీవర్లేమో బేస్‌మెంట్లకు, గరాజ్‌లకు చేరాయి.

అవి మళ్లీ బయటికి రావడానికి పాతకాలపు మోజు ఒక్కటే కారణం కాదు. ఎస్‌టీకే కాలిపోతే అదే ముక్క దొరకాలి. తయారీ ఆగిపోయిన నంబరైతే దొరికేవాటిలో నకిలీలే ఎక్కువ. 2270లో అలా కాదు. ప్రతి రెసిస్టరూ ప్రతి ట్రాన్సిస్టరూ విడిగా కంటికి కనిపిస్తుంది. సర్వీస్ మాన్యువల్‌లో పూర్తి సర్క్యూట్ పటం, ఎక్కడ ఎన్ని వోల్టులు ఉండాలో లెక్క ఉంటాయి. కొడుకు వయసు యంత్రం కన్నా తాత వయసు యంత్రాన్ని బాగుచేయడమే తేలిక.

అందులో వయసుతో పాడయ్యేవాటిలో ముందుండేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. సన్నటి అల్యూమినియం రేకులు, మధ్యలో ద్రవంలో తడిపిన కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు మూత సందుల్లోంచి ఆ తడి ఆవిరైపోతుంది. 85 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేసే కెపాసిటర్‌కు, వేడి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయుష్షు రెట్టింపవుతుందని వాడుకలో ఉన్న లెక్క. 45 డిగ్రీల దగ్గర అది 32,000 గంటలు. రోజుకు మూడు గంటల చొప్పున 29 ఏళ్లు. 2270కి యాభై దాటాయి.

అందుకే చేయి తిరిగిన మెకానిక్ అటక మీంచి దింపిన సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టడు. పాతకాలపు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలుపుతాడు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే కెపాసిటర్లు చార్జయ్యాయని, లోపల షార్టు లేదని అర్థం. ధగధగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపేయాలి. తరవాత స్పీకర్ తగిలించకుండానే దాని టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ కొలుస్తాడు. కొన్ని పదుల మిల్లీవోల్టులైతే ఫర్వాలేదు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి ఉంటే వోల్టులే వస్తాయి, స్పీకర్ కాయిల్ మాడిపోతుంది.

వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర పెద్ద జబ్బేమీ కాదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్ అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పోతుంది. అసలు ఓపిక కెపాసిటర్ల మార్పిడికి కావాలి. ఉన్నవన్నీ ఒకేసారి పీకేసి కొత్తవి పెట్టేవాళ్లున్నారు. ఎక్కడో ఒకటి ప్లస్ మైనస్ తారుమారైతే తప్పెక్కడుందో తెలుసుకోవడం గగనమవుతుంది. పాత బోర్డుల మీద రాగి పూత సోల్డరింగ్ వేడికి లేచిపోతుంది కూడా. ఒక బోర్డు మార్చి, నడిపి చూసి, రెండోది ముట్టుకోవడమే పద్ధతి. చివర్లో బయాస్. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్‌కు సిరీస్‌లో ఉండే ఎమిటర్ రెసిస్టర్ 0.33 ఓమ్‌లైతే, దాని మీద 10 మిల్లీవోల్టులు కనిపిస్తే 30 మిల్లీయాంపియర్లు పారుతున్నట్టు. సెట్టు వేడెక్కాక అంకె కదులుతుంది కాబట్టి కాసేపాగి మళ్లీ చూడాలి. ఎంత ఉండాలో మాన్యువల్ చెబుతుంది, ఊహ పనికిరాదు.

ట్రాన్సిస్టర్ కొనేటప్పుడూ జాగ్రత్త తప్పదు. మన మెకానిక్కులకు బాగా తెలిసిన 2ఎన్3055కే ప్రపంచమంతా నకిలీలున్నాయి. పైన ముద్ర అదే ఉంటుంది, డబ్బా లోపల సిలికాన్ ముక్క మాత్రం చిన్నది. గట్టిగా పాట పెట్టిన రోజు బండారం బయటపడుతుంది.

ఇక వ్యాపారం. విడిభాగాల ఖర్చు తక్కువే, మింగేసేది పని గంటలు. కూలి కట్టి చేయించి అమ్మేవాడికి మిగిలేది స్వల్పం, సొంతంగా చేసుకునేవాడికే గిట్టుబాటు. ఈ బజారులో ఎక్కువగా దుర్వినియోగమయ్యే మాట ‘రీక్యాప్డ్’, అంటే కెపాసిటర్లు మార్చినదని. రెండు పెద్ద కెపాసిటర్లు మార్చి కూడా అలాగే రాస్తారు. నిజాయితీ ఉన్న అమ్మకందారు మార్చిన భాగాల జాబితా, బోర్డు ఫొటోలు, కొలిచిన బయాస్ అంకెలు అడగకముందే చూపిస్తాడు. ‘పరీక్షించలేదు, ఉన్నది ఉన్నట్టు’ అని రాసి ఉంటే చెడిపోయిన సెట్టు కిందే ధర కట్టడం మేలు. రవాణా మరో గండం. బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వైపే ఉంటుంది కాబట్టి ఒంటి పెట్టెలో పంపిస్తే ఛాసిస్ వంగి చేరుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇలాంటి సెట్టు కొని ఇండియాకు తెచ్చుకోవాలనుకుంటే ముందు వెనకవైపు రేకు చదవాలి. అక్కడ అమ్మిన సెట్లు చాలావరకు 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. మన 230 వోల్టులకు తగిలిస్తే ఫ్యూజు పోవడంతో ఆగకపోవచ్చు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, అది కూడా సెట్టు లాగే కరెంటుకు తగినంత పెద్దది. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ మన 50 హెర్ట్జ్ మీద మరికాస్త వేడెక్కుతుంది. కాబట్టి సెట్టును మూసిన షోకేసులో పెట్టకండి, పైన గాలి ఆడనివ్వండి.