పార్కు 10 శాతం సరే, మనిషికి ఎన్ని గజాలు?

కొత్త వెంచర్ బ్రోచర్ తెరిస్తే పచ్చదనానికి కొదవుండదు. వాకింగ్ ట్రాక్, పూలమొక్కలు, పిల్లల ఉయ్యాలలు... అడుగున చిన్న అక్షరాల్లో ‘10 శాతం ఓపెన్ స్పేస్’. లేఅవుట్ అనుమతికి మామూలుగా అడిగేదీ అంతే. ఆ 10 శాతం ఎంతమందికన్నది మాత్రం బ్రోచర్ చెప్పదు.

పదెకరాల వెంచర్ అనుకుందాం. ఎకరాకు 4,840 చొప్పున 48,400 గజాలు. రోడ్లకు 30 శాతం, పార్కుకు 10 శాతం పోతే ప్లాట్లకు మిగిలేవి 29,040. 200 గజాల ప్లాట్లయితే 145 వస్తాయి. ఇంటికి నలుగురు లెక్కన 580 మంది. పార్కు 4,840 గజాలు కాబట్టి తలకు 8 గజాల పైచిలుకు. కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు సూచించేది మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్లు, అంటే 12 నుంచి 14 గజాలు. మొదటి రోజే తరుగు.

పైగా 200 గజాల్లో ఒక్క అంతస్తు కట్టి ఊరుకునేదెవరు? కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు అద్దెకు. జీ ప్లస్ 2 అయితే 435 కుటుంబాలు, 1,740 మంది. పార్కు పెరగదు కదా! తలకు 2.8 గజాలు. ఒక నవారు మంచం వేస్తే నిండిపోయేంత చోటు.

భూమి చాలక ఇలా అవుతోందా అంటే, కాదు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరంలో వోబాన్ అనే పేట ఉంది. ఫ్రెంచి సైన్యం 1992లో ఖాళీ చేసిన బ్యారక్‌ల స్థలంలో కట్టారు. 41 హెక్టార్లు, దాదాపు 5,500 మంది. రోడ్లూ ఇళ్లూ అన్నీ కలిపి తలకు 89 గజాలు. ఒకే అంతస్తు ఇళ్లున్న మన వెంచర్‌లో అదే లెక్క 83. పెద్ద తేడా లేదు. కానీ అక్కడ మూడు నాలుగంతస్తుల ఇళ్లను వరుసగా, దగ్గర దగ్గరగా కట్టి, వరుసల మధ్య పచ్చటి పట్టీలు వదిలారు. పాత చెట్లను నిలబెట్టారు. కార్లు పేట అంచున బహుళ అంతస్తుల గ్యారేజీల్లో ఉంటాయి, అక్కడ చోటు విడిగా కొనుక్కోవాలి. 2006 నుంచి ట్రామ్ నడుస్తోంది. గడప ముందుకు బస్సు రాని మన శివార్లలో కార్లు మానెయ్యమంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. అందుకే పచ్చదనం సంగతి బస్సు రూటుతో మొదలవ్వాలంటాను.

ఇక నీళ్లు. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. పదెకరాల మీద అది 3.2 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున 580 మందికి ఏడాదికి కావలసింది 2.9 కోట్లు. 1,740 మందికైతే 8.6 కోట్లు. వాననంతా ఎలాగూ పట్టలేం. సిమెంటు పరిచేస్తే ఇంకేది మరీ తక్కువ, ట్యాంకర్లు ఎక్కువ. పార్కునంతా లాన్ చేసి చదరపు మీటరుకు రోజుకు 4 లీటర్లు తడిపినా 16 వేల లీటర్లు కావాలి. అవి 120 మంది వాడుకునే నీళ్లు! వేప, కానుగ, నేరేడు నాటి, శుద్ధి చేసిన వాడుక నీరు పెడితే బోరు జోలికే పోనక్కర్లేదు.

పార్కు వదలని లేఅవుట్ల మాటేమిటి? తెలంగాణ 2020 ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ప్రకారం అలాంటి చోట ప్లాటు కొన్నవారు రిజిస్ట్రేషన్ నాటి విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీగా కట్టాలి. డబ్బు కట్టినంత మాత్రాన ఆ వీధిలో పార్కు మొలవదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్ అడగండి. పార్కు ఒకే ముక్కగా ఉందా, లేక హైటెన్షన్ తీగల కింద మూలముక్కలు కలిపి 10 శాతం అనిపించారా చూడండి. అది గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకో మునిసిపాలిటీకో రాసిచ్చారో లేదో తెలుసుకోండి. చివరగా ఆ పార్కు గజాలను ప్లాట్ల సంఖ్యతో కాక, రేపు కట్టబోయే పోర్షన్ల సంఖ్యతో భాగించండి.