పథ్యము చెప్పు యంత్రము

వైద్యుడు మందు వ్రాసియిచ్చిన పిమ్మట పథ్యమేమని యడుగుట మన యిండ్ల వాడుక. ఆ ప్రశ్న నేడు వైద్యుని కంటె ముందుగా చేతిలోని ఫోనునకు చేరుచున్నది. జవాబు క్షణములో వచ్చును. దానికి పూచీ యెవరిదో యింకను తేలలేదు.

2023లో అమెరికాలో జరిగినది చూడుడు. లావెక్కుదుమన్న భయముచే తిండి మానుట, మితిమీరి తిని బలవంతముగా కక్కుకొనుట వంటి ప్రాణాంతక రుగ్మతలతో క్రుంగువారికి రెండు దశాబ్దములకు పైగా ఊరట పలికిన హెల్ప్‌లైనును, దానిని నడుపు జాతీయ ఆహారరుగ్మతల సంఘము, సిబ్బంది యూనియనుగా ఏర్పడిన కొలది కాలమునకే మూసివేయ నిశ్చయించెను. టెస్సా అను చాట్‌బాట్ మిగిలెను. నిపుణులు ముందుగా కూర్చిన సమాధానములను మాత్రమే వల్లించుటకై నిర్మింపబడిన యీ టెస్సా, నిర్వాహక కంపెనీ తరువాత చేర్చిన మార్పుల వలన, తానే మాటలు కూర్చుట మొదలిడెను. తిండికి భయపడువారికి అది చెప్పిన హితవేమన, దినమునకు 500 మొదలు 1000 కేలరీల వరకు తగ్గింపుడు, వారమునకొకసారి బరువు చూచుకొనుడు! మే నెలాఖరున దానిని తొలగించిరి. ఆ మార్పులు ఒప్పందములోనివే యని కంపెనీ యనెను. మాకు తెలియనే తెలియవని సంఘ మనెను.

స్థూలకాయునకు ఏ డైటీషియనైనను ఇంచుమించుగా ఆ సలహాయే యిచ్చును. వినువాడెవడో విచారింపకుండ చెప్పుటయే టెస్సా దోషము. కొబ్బరినీళ్ళు మంచివా యని యడిగినవానికి అవునని చెప్పుట సులభము. కాని మూత్రపిండములు చెడినవానికి ఆ నీళ్ళలోని పొటాషియము గుండెకే ముప్పు తేగలదు గనుక, ఎరిగిన నిపుణురాలు మొదట మూత్రపిండముల పనితీరు తెలుపు క్రియాటినిన్ రక్తములో ఎంతయున్నదని యడుగును.

పళ్ళెము ఫోటో తీసిన చాలును, కేలరీలు లెక్కగట్టెదమను యాప్‌లున్నవి. గుత్తివంకాయ కూర లోపల ఎన్ని గరిటెల నూనె యింకినదో కెమెరాకెట్లు తెలియును? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహారపదార్థముల పోషకవిలువలను పట్టికలుగా ప్రకటించినది. ఆ అంకెలను తిరుగవేయక పరదేశపు భోజనముల చిత్రములతో శిక్షణ పొందిన యంత్రము మన జొన్నసంకటిని దేనిగా పోల్చుకొనునో చెప్పలేము. ఇక మన బరువు, చక్కెర, నెలసరి వివరములు ఆ యాప్ యజమానుల యధీనమగుట మరియొక చిక్కు.

భారతీయ వైద్య పరిశోధనా మండలి 2023లో వెలువరించిన మార్గదర్శకములు, వైద్యమున కృత్రిమ మేధను వాడునపుడు మానవ పర్యవేక్షణ యుండవలెనని చెప్పుచున్నవి. అవి శాసనము కావు. డైటీషియన్లు యంత్రమును ముట్టరాదని నా మతము కాదు. వారపు భోజనపట్టికను యంత్రము కూర్చెనని రోగికి తెలిపి, రక్తపరీక్ష కాగితమును ప్రక్కన బెట్టుకొని ప్రతి పంక్తియు చదివి, సరిదిద్ది, క్రింద సంతకము చేయు నిపుణురాలికి దాని వలన కొంత కాలము కలసివచ్చును. ఆ కాలమును ఆమె రోగితో మాటలాడుటకు వినియోగించునా, లేక ఆసుపత్రి యాజమాన్యము మరి పదిమందికి పట్టికలు అచ్చువేయించుటకు లాగుకొనునా యన్నది నాకు గల సందేహము.