నరముల తొడుగు చెడు వ్యాధి – బాధానివారణోపాయములు



నేను వైద్యుడను. హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతములలో పెక్కేండ్లుగా రోగులను చూచుచున్నాను. నాచారము కార్ఖానాలలో పనిచేయువారు పలువురు పల్లెలనుండి వచ్చినవారే. కొన్ని సంవత్సరముల క్రిందట, మండు వేసవిలో, ముప్పది యేండ్ల యువకు డొకడు తండ్రి భుజమును పట్టుకొని నాయొద్దకు వచ్చెను. ఉదయము బాగుగనే నడచును. మధ్యాహ్నము రేకుల కప్పు క్రింద పనిచేయునప్పుడు కాళ్లు తడబడును, చూపు మసకబారును. చల్లబడిన పిమ్మట మరల కుదుటపడును. తోడివారు సోమరి యనిరి. కొందరు త్రాగుబోతనియు అనిరి. ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. వ్యాధిని పూర్తిగా మాన్పెదనన్న యొకని మాట నమ్మి, తండ్రి రెండెకరముల పొలము నమ్మ సిద్ధపడియుండెను.

పరీక్షలు చేయింపగా తేలిన వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. దీనిని 1868లో ఫ్రెంచి వైద్యుడగు షార్కో విపులముగా వర్ణించెను. బోరు మోటారు తీగపై తొడుగు చెడిన యెడల విద్యుత్తు సరిగా పారదు గదా! మెదడునందును వెన్నుపామునందును గల నరములకు అట్టి తొడుగే కలదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరపడి ఆ తొడుగును చెఱచుటయే ఈ వ్యాధి. ఇది సాధారణముగా ఇరువది మొదలు నలువది యేండ్ల లోపల బయలుపడును; స్త్రీలలో ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. ఎవరి పాపఫలమును కాదు.

దీనిని సమూలముగా పెరికివేయు మందు నేటివరకు లేదు. కాని చికిత్సలు మూడు విధములుగా కలవు. వ్యాధి దాడులను తగ్గించునవి మొదటివి. ఇవి 1993 మొదలు వాడుకలోనికి వచ్చినవి. దాడి కలిగినపుడు మూడు మొదలు ఐదు దినములు నరము ద్వారా ఎక్కించు స్టీరాయిడు మందు రెండవది. నిత్యబాధలను తగ్గించునవి మూడవవి. వీనిని గూర్చియే నేడు ముఖ్యముగా మనవి చేసెదను. ఏలయన, వీనిలో సగము ఇంటివారి చేతిలోనే యున్నవి.

మొదటిది వేడిమి. శ్రమచే దేహము వేడెక్కిన రోగులకు చూపు మందగించుటను 1890లో జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ కనిపెట్టెను. ఎండవలన కలుగు ఇట్టి బలహీనత వ్యాధి ముదురుట కాదు, చల్లబడిన తగ్గును. కావున పనులు ప్రొద్దుటనే ముగింపవలెను. చన్నీటి స్నానము, తడిగుడ్డ మేలు చేయును. జ్వరము, మూత్రమునందలి చీము కూడ ఇట్లే బాధించును గనుక ముందుగా మూత్రపరీక్ష చేయింపవలెను. జ్వరము లేకయే క్రొత్త బలహీనతగాని చూపులోపముగాని ఒక దినమునకు మించి నిలిచినచో, అది దాడి కావచ్చును, ఆలస్యము చేయరాదు.

రెండవది కండరముల బిగువు. నిత్యము కాళ్లను మెల్లగా సాగదీయు వ్యాయామమే దీనికి ఆధారము. దానికి తోడు బాక్లోఫెన్, టిజానిడిన్ అను మాత్రలను స్వల్పముగా మొదలిడి పెంచుదురు. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా మానిన మూర్ఛలు రావచ్చును. వైద్యుని అడుగక మానరాదు. మంటలు, పోట్లు సాధారణపు నొప్పిమాత్రలకు లొంగవు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి వేరుగా కలవు.

మూడవది మూత్రబాధ. స్త్రీలు సిగ్గుచే దీనిని దాచి, నీరు త్రాగుట మానుదురు, అది కీడు. మూత్రాశయము పూర్తిగా ఖాళీ యగుచున్నదో లేదో చూచి, మందో, సన్నని గొట్టముతో తామే మూత్రము తీసికొను పద్ధతియో వైద్యుడు నిర్ణయించును.

నాలుగవది అలసట. ఇది సోమరితనము కాదు. పనిని విభజించుకొని నడుమ విశ్రమించుట, మితవ్యాయామము, నిద్ర దీనికి మేలు. ఇందుకై ఇచ్చు మూడు మందులు ఉత్తుత్తి మాత్రకంటె మేలు కాలేదని 2021లో వెలువడిన పరిశోధనయందు తేలినది. దిగులునకును చికిత్స కలదు. దానిని కొఱతగా నెంచరాదు.

కార్మిక బీమా గలవారికి నాచారమున ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. నరముల నిపుణులు పంజగుట్టలోని నిమ్స్‌లో నున్నారు. ఉప్పల్‌లో మెట్రో నెక్కి అమీర్‌పేటలో బండి మారి పోవచ్చును. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేర్కొన్నది గనుక, తగినంత లోపమున్నవారు ధ్రువపత్రమును కోరవచ్చును.

ఆ తండ్రి పొలము నమ్మలేదు. కుమారుడు ఉదయపు వంతునకు మారి, చేతికఱ్ఱ పట్టుకొని నేటికిని పనికి పోవుచున్నాడు. పెద్దలారా, మీ ఊరిలో ఎవరైన ఉదయము నడచి మధ్యాహ్నము తూలినచో, నిందించుటకు ముందు ఆసుపత్రికి పంపుడు. ఇంటిలో మీ మాటయే చెల్లును.