మోడెమ్ ఎంపిక: మైలాపూరు ఫోను లైను నేర్పిన పాఠం

సత్యవేడు, నగరి వైపు నుండి పిల్లలను చెన్నైకి చదువుకు పంపే కుటుంబాలకు మైలాపూరు కొత్త పేరు కాదు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణత్యాగం చేసిన చోటు అదే. ఇంటి కంప్యూటరుకు డయల్-అప్ మోడెమ్ కొనడం ఒకనాడు ఆ వీధుల్లోని మధ్యతరగతి ఇళ్లకు పెద్ద నిర్ణయం. ఆ ఎంపికలో గమనించవలసిన సూత్రాలు ఈనాటికీ మన పల్లెలకు ఉపకరిస్తాయి.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు తొలి నగరాలలో మద్రాసు ఒకటి. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించగా, చెన్నై కేంద్రంగా సత్యం ఇన్ఫోవే రంగంలోకి వచ్చింది. చెన్నై నంబరుకు మైలాపూరు నుండి డయల్ చేస్తే స్థానిక కాల్. సరిహద్దుకు ఇవతలి పల్లె నుండి చేస్తే ఎస్.టి.డి. అందువల్ల ఒకే మోడెమ్ రెండు ఇళ్లలో రెండు రకాల బిల్లులు తెచ్చేది.

మోడెమ్ చేసే పని

కంప్యూటరు అంకెలను ధ్వనిగా మార్చి ఫోను తీగపై పంపడం, అవతలి నుండి వచ్చిన ధ్వనిని తిరిగి అంకెలుగా మార్చడం మోడెమ్ విధి. ఫోను లైను మనిషి మాట కోసం ఏర్పడినది. సుమారు 300 నుండి 3400 హెర్ట్జ్ వరకే మోయగలదు. ఆ ఇరుకు దారిలోనే సమాచారమంతా సాగాలి.

వేగం ఎంత?

పెట్టెపై 28.8, 33.6, 56 అనే అంకెలు కనిపించేవి. ఇవి సెకనుకు కిలోబిట్లు. ఒక మెగాబైట్ ఫైలు దిగడానికి 28.8 వేగంతో దాదాపు 5 నిమిషాలు, 56 పూర్తిగా దక్కితే రెండున్నర నిమిషాలు పట్టేది. అయితే 56 అనేది దిగుమతికి మాత్రమే. అదీ ఎక్స్ఛేంజీ డిజిటల్‌ది అయి, లైను శుభ్రంగా ఉంటేనే. గరగర శబ్దం ఉన్న లైనుపై ఖరీదైన మోడెమ్ కూడా తక్కువ వేగానికి దిగివచ్చేది. కాబట్టి రిచీ వీధికి వెళ్ళే ముందు రిసీవరు ఎత్తి లైనును చెవితో వినడమే తొలి పరీక్ష.

మరొక చిక్కు: 1997లో రెండు పోటీ పద్ధతులు వచ్చాయి. ఇంట్లోని మోడెమ్, సేవా సంస్థ పరికరం ఒకే పద్ధతివి కాకపోతే 56 దక్కేది కాదు. 1998లో వి.90 ప్రమాణం రావడంతో ఈ సమస్య సద్దుమణిగింది.

లోపలిదా, బయటిదా?

కంప్యూటరు లోపల అమర్చే కార్డు చవక. కాని వాటిలో చాలావరకు తమ పనిని ప్రాసెసరుకు అప్పగించేవి. విండోస్ లేకుంటే సరిగా పనిచేసేవి కావు, పాత కంప్యూటరు మందగించేది. బయటి మోడెమ్ ధర ఎక్కువైనా, దాని దీపాలు చూసి లోపం ఎక్కడుందో గ్రహించవచ్చు. ఆపి మళ్ళీ వేయడమూ సులభం.

పల్లెల్లో అసలు ప్రమాదం పిడుగు. స్తంభాలపై దూరం నుండి వచ్చే రాగితీగ పిడుగుపాటు విద్యుత్తును ఇంట్లోకి తెస్తుంది. కరెంటు వైపు మాత్రమే రక్షణ పరికరం పెడితే చాలదు. ఉరుములు మొదలుకాక ముందే ఫోను తీగను కూడా ఊడదీయాలి. ఈ జాగ్రత్త లేని ఇంట్లో మోడెమ్‌తో పాటు కంప్యూటరు కూడా కాలిపోయే అవకాశం ఉండేది.

నేడు ఏమి చేయాలి?

2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ ఆరంభంతో మన దేశంలో డయల్-అప్ ప్రాభవం తగ్గసాగింది. అమెరికాలో ఎ.ఓ.ఎల్. సంస్థ సైతం 2025 సెప్టెంబరు 30న ఆ సేవను నిలిపివేసింది. ఇప్పుడు మన ముందున్నది ఫైబరు పెట్టె, లేదా మొబైలు సిగ్నలుతో నడిచే రౌటరు. సూత్రం మాత్రం మారలేదు: ముందు లైను, తరువాత పెట్టె. ఫైబరు అయితే, సాయంత్రం వేళ వేగం ఎలా ఉందో అదే లైను వాడే పొరుగువారిని అడగండి. మొబైలు రౌటరు అయితే, పరికరం పెట్టదలచిన గదిలోనే సిగ్నలును పరీక్షించండి. గాజుతీగ విద్యుత్తును మోయదు గాని, పెట్టెకు కరెంటు తీగ ఉంటుంది. ఉరుములు మొదలుకాక ముందే ప్లగ్ తీయడం నేటికీ అవసరమే. ఏడాది సొమ్ము ఒకేసారి కట్టక, మొదట ఒక నెల వాడి చూసి నిర్ణయించుకోవడం ఉత్తమం.